చుట్టాల చెలమ

జగదల్‌పూర్ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు మా పాప పొట్ట నొక్కి చూశాడు, కంటి రెప్ప కిందికి లాగి చూశాడు, నాలుక చాపించి చూశాడు. ఆఖరికి నావైపు తిరిగి హిందీలో ఒక్క మాట అన్నాడు: "నీళ్ళు మార్చండి." మందులు కూడా రాశాడనుకోండి. కానీ ఆ మందులు అయిపోయాక మళ్ళీ ఇదే నొప్పి వస్తుందనీ, తాగే నీళ్ళు మారకపోతే బిడ్డను ఇలా తిప్పుతూనే ఉండాలనీ చెప్పాడు. మంచివాడే, విసుక్కోలేదు. కాకపోతే చొక్కా మార్చమన్నంత తేలిగ్గా అన్నాడు. నాకేమో ముక్కు మీద కోపం. "ఎక్కడ మార్చమంటారు సార్, బజార్లోనా?" అని అడిగేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తలుపు వైపు చూసి తర్వాతి బిడ్డను పిలిచాడు.

తిరుగు బస్సులో పాప నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నొప్పి వచ్చినప్పుడు అది ఏడవదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, తానేదో తప్పు చేసినట్టు నా ముఖంలోకి చూస్తుంది. ఏడిస్తే నయం, నాలుగు దెబ్బలేసో ముద్దు పెట్టుకునో ఊరుకోబెట్టవచ్చు. ఆ చూపు మాత్రం నేను భరించలేను. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పొట్టకు నా చెయ్యి అడ్డం పెట్టాను. దారి పొడుగునా ఆ డాక్టరు మాటే చెవిలో గింగిరాలు తిరిగింది.

నేను పుట్టింది ఉసూర్ దగ్గరి పల్లెలో. మాకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండీ, దోర్లీ. వేసవి సెలవుల్లో సరిహద్దు అవతల, తెలుగు వైపు ఉన్న మేనమామ ఇంటికి పోయి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఇనుప కొండ కింద ఉన్న ఈ ఊరికి వచ్చాను, ఇక్కడ మాట్లాడేది దోర్లీ. నాకు హాస్టల్లో నేర్చిన హిందీ ఉంది, పైగా నోరు కూడా ఉంది. అందుకని ఏ ఆఫీసరు వచ్చినా, ఊరివాళ్ళు ముందు నన్నే పిలుస్తారు. వాళ్ళ మాట వీళ్ళకూ, వీళ్ళ మాట వాళ్ళకూ చెప్పడం నా పని. జీతం వచ్చే పని వేరే ఉంది. అంగన్‌వాడీలో పిల్లలకు ఖిచిడీ వండుతాను. ఖిచిడీకి నీళ్ళు కావాలి కదా, ఆ నీళ్ళు కూడా నేనే తేవాలి.

మా ఊళ్ళో తాగే నీళ్ళంటే చెలమ నీళ్ళే. వాగు ఒడ్డున ఇసుకలో మోకాలి లోతు గుంట తవ్వుతాం. ఇసుకలోంచి నీరు నెమ్మదిగా ఊరుతుంది. మొదట ఊరినవి మురికిగా ఉంటాయి, వాటిని తోడి పారబోస్తాం. మళ్ళీ ఊరేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. తేరుకున్నాక సొరకాయ బుర్రతో ముంచి, గుడ్డ కట్టిన బిందెలో పోసుకుంటాం. బిందెతో ఇంకో ఆడమనిషి వెనక కాచుకుని ఉంటుంది కాబట్టి ఎంత తేరుకుంటే అంతే. తొందర పడ్డవాళ్ళ బిందెలో ఇసుక, ఓపిక పట్టినవాళ్ళ బిందెలో కొంచెం తక్కువ ఇసుక.

చుట్టాలు వచ్చే రోజు సంగతి వేరు. పెళ్ళికో, పండక్కో వేరే ఊరివాళ్ళు వస్తున్నారంటే ముందు రోజే ఆడవాళ్ళంతా పారలూ గంపలూ పట్టుకుని వాగుకు పోతారు. పాత చెలమ జోలికి పోరు. వాగుకు ఎగువగా, ఒడ్డుకు దూరంగా కొత్తది తవ్వుతారు. ఇసుక జారకుండా అడుగు లేని వెదురు గంప దింపుతారు. సాయంత్రం దాకా తోడి తోడి పారబోస్తారు. చివర్లో చిల్లగింజలు రాతి మీద అరగదీసి ఆ గంధం కలుపుతారు. ఈ అడవి గింజకు ఒక గుణం ఉంది, నీళ్ళలోని మన్నునంతా ముద్ద చేసి అడుక్కి దించేస్తుంది. తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా ఉంటాయి. దాన్ని చుట్టాల చెలమ అంటారు. చుట్టాలు పోయేదాకా ఇంటివాళ్ళెవరూ దాంట్లో చెయ్యి పెట్టరు. వచ్చినవాళ్ళకు మనం తాగే బురద పొయ్యడమంటే ఇక్కడ అంతకన్నా నామర్దా లేదు. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ మర్యాద చూసి నాకు భలే ముచ్చటేసింది.

కొండ మీద ఇనుప రాయి తవ్వకం నేను రాకముందే మొదలైంది. నేను వచ్చేటప్పటికే కొండ నెత్తి బోడి. రాయి కడిగిన నీళ్ళు, వానకు జారే మన్ను, అన్నీ మా వాగులోకే దిగుతాయి. వానల్లో వాగు ఎర్రగా, చిక్కగా, అంబలిలా పారుతుంది. వరి మళ్ళలో ఆ బురద ఆరి పెచ్చులు కడితే నాగలి దిగదు. ఎడ్లు ఆ నీటిని వాసన చూసి మూతి తిప్పుకుంటాయి. మనుషులకు ఆ సౌకర్యం లేదు. ఊరి నడుమ ఒక బోరింగు ఉంది. దాని నీటితో అన్నం వండితే నల్లబడుతుంది, టీ పెడితే సిరా అవుతుంది. ఎవరో వచ్చి దానికి ఎర్ర రంగు పూసి, తాగొద్దని చెప్పి వెళ్ళారు. మరి ఏం తాగాలో చెప్పే రంగు వాళ్ళ డబ్బాలో లేదు కాబోలు.

అయితే కొండ నడుమ ఒక ఊట ఉంది. తవ్వకానికి అవతలి వైపు, రాతి సందులోంచి ఏడాది పొడుగునా కారుతుంది. మా మామ చిన్నప్పుడు పశువులను అక్కడికే తోలుకెళ్ళేవాడట. ఇప్పుడది కంపెనీ కంచె లోపల ఉంది. ఆ నీళ్ళు పైపుల్లో వాళ్ళ క్యాంపు ఇళ్ళకూ, ఇళ్ళ ముందు పూల మొక్కలకూ పోతాయి. మా ఊరు అడిగింది ఒక్కటే, ఆ ఊట నుంచి కిందికి మాకూ ఒక పైపు వెయ్యమని. కొండ ఇచ్చేయమని అడగలేదు. అడిగితే మాత్రం ఇస్తారా ఏమిటి! మాలాంటి ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభ మాటకు చట్టంలో చాలా బలం ఉందని మీటింగులు పెట్టి చెప్తుంటారు. ఆ బలం నమ్ముకుని సభలో తీర్మానం చేశాం. ఒకసారి కాదు, కలెక్టరాఫీసు దాకా పోయి అడిగి అడిగి మా నోళ్ళు నొప్పి పుట్టాయి. చివరికి ఒక పై అధికారి మా సభకు వచ్చి అందరి ముందూ మాట ఇచ్చాడు. మీరు తాగే నీళ్ళు పరీక్ష చేయిస్తాం, చెడ్డవని తేలితే ఊట నుంచి కంపెనీ పైపు వెయ్యాల్సిందే అన్నాడు. ఆ మాట నేనే దోర్లీలోకి మార్చి చెప్పాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను పాప వైపు చూశాను. అప్పటికే దానికి నొప్పి మొదలైంది.

జగదల్‌పూర్ నుంచి తిరిగి వస్తూ బ్లాకు ఆఫీసు ఉన్న ఊళ్ళో దిగేసరికి మా పంచాయతీ కార్యదర్శి, సచివ్ అంటాం, ఎదురయ్యాడు. "మంచి సమయానికి వచ్చావు, రేపే నీళ్ళ పరీక్ష సార్లు వస్తున్నారు, మాట మార్చి చెప్పడానికి నువ్వు వాళ్ళ బండిలోనే రా" అన్నాడు. ఊళ్ళో చాటింపు వేసే కోట్వారుకు అప్పటికే ఫోన్ చేశాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు నీళ్ళు మార్చమన్న మర్నాడే నీళ్ళు మార్చేవాళ్ళు బయల్దేరారని సంబరపడ్డాను. ఆ రాత్రి తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకున్నాం. పాపకు కూడా చెప్పాను, ఇక నొప్పి రాదని.

పొద్దున బండిలో ఇద్దరు సార్లు, డ్రైవరు, సచివ్, మేమిద్దరం. ఇద్దరిలో పెద్ద సారు ఒళ్ళో ఒక పెట్టె, దాంట్లో ఖాళీ సీసాలు. దారిలో నేను ఊరుకోలేదు. ఎర్ర బోరింగు గురించి, మళ్ళ గురించి, ఖిచిడీ రంగు గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన అన్నిటికీ "హా, హా, దేఖేంగే, చూద్దాం" అన్నాడు. ఒకచోట దారి పక్కన వాగు కనిపిస్తే చెయ్యి చాపి చూపించాను. వానలు తగ్గిన రోజులు. నీరు పలచబడింది, అయినా ఎరుపు పోలేదు. ఆయన అద్దంలోంచి చూశాడు కూడా.

ఊరి మొగదలకు వచ్చేసరికే నాకు ఏదో తేడా కొట్టింది. దారి అంతా ఊడ్చి పేడ నీళ్ళు చల్లారు. వాగు దిగే చోట మామిడాకుల తోరణం. ఆడవాళ్ళు తలస్నానాలు చేసి, పండక్కి కట్టే చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు మా అత్త, చేతిలో ఆకు దొప్పలు. ఆమె వెనక, వాగుకు దూరంగా, ఎగువన, కొత్త వెదురు గంప అంచు తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ పచ్చటి కొమ్మలు గుచ్చారు. గంప లోపల నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఇసుక రేణువులు ఏరుకోవచ్చు. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు నీళ్ళను ముస్తాబు చేసి పెట్టారు.

"ఏంది అత్తా ఇది?" అన్నాను. 

"కోట్వారు జెప్పిండు గదా, సార్లొస్తున్నరని, ఊరు సాఫుగుండాలని," అంది మా అత్త మురిసిపోతూ. "నిన్న పొద్దంతా తోడినం. ఇంట్ల ఉన్న చిల్లగింజలన్నీ అరగదీసినం. పాపకు బాగైందా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె సార్ల ముందుకు పోయి దొప్పతో నీళ్ళు పట్టింది. పెద్ద సారు గుండె మీద చెయ్యి పెట్టుకుని మర్యాదగా వద్దన్నాడు, తన సంచిలోని సీసా తీసి తాగాడు. డ్రైవరు మాత్రం దొప్ప అందుకుని గటగటా తాగి, "బహుత్ మీఠా పానీ హై" అని నీళ్ళ తీపిని మెచ్చుకున్నాడు. ఆడవాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

పెద్ద సారు చెలమ దగ్గర కూర్చుని సీసా మూత తీశాడు. నేను పరుగున పోయి అడ్డం పడ్డాను.

"సార్, ఇది కాదు. ఇది మీ కోసం నిన్న తవ్వింది. మేం తాగేది అదుగో, కింద ఉంది."

"కింద కూడా ఇలాంటి గుంటేనా?"

"గుంటే సార్. కానీ ఇట్లా ఉండదు. వీళ్ళు నిన్నంతా తోడి, మందు గింజ వేసి..."

"అంటే సాఫ్ చేశారు."

"మీరు వస్తున్నారని చేశారు సార్. చుట్టాలొస్తే చేస్తారు."

ఆయన నవ్వాడు. దుర్మార్గంగా కాదు, పిల్లలకు లెక్క చెప్పే మాస్టరులా. "చూశావా బెహన్, సాఫ్ చేస్తే నీళ్ళు బాగుంటున్నాయి. రోజూ ఇలాగే చేసుకోండి. అలవాటు, ఆదత్ పెట్టుకోవాలి."

ఊరి ఆడవాళ్ళంతా పనులు మానుకుని ఒక పూటంతా తోడితే వచ్చిన నీళ్ళవి. పెళ్ళిళ్ళకని దాచుకున్న గింజలు అరగదీస్తే వచ్చిన తేట అది. ఇదంతా హిందీలో చెప్పబోయాను. కోపం వస్తే నాకు హిందీ తెగిపోతుంది. సగం దోర్లీ, సగం తెలుగు వచ్చింది. కింది చెలమకైనా రమ్మన్నాను. దాని పక్కన ఎవరో రాత్రి కట్టేసిన మేకలు, పెంట. సచివ్ అటు చూసి సిగ్గుపడి, ఆడవాళ్ళు అది విడిచిపెట్టేశారని సారుకు చెప్పాడు. అబద్ధం కూడా కాదు. సార్ల కోసం ఆ ఒక్క రోజుకు విడిచిపెట్టారు. నేను వాగులోకి దిగి, నా దగ్గర ఉన్న పాప నీళ్ళ సీసాలో ఎర్ర నీళ్ళు పట్టి తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇదీ పరీక్ష చెయ్యండి సార్, దండం పెడతాను" అన్నాను.

"ఈ వాగు నీళ్ళు మీరు తాగుతారా?" అని అడిగాడు.

"నేరుగా తాగం సార్, ఇసుకలోంచి..."

"మా పని తాగే నీళ్ళ వరకే," అన్నాడు. ముస్తాబు చేసిన చెలమలోంచి సీసాలు నింపి, మూతలు బిగించి, వాటి మీద ఏదో రాసుకున్నాడు. పోతూ పోతూ మా అత్తకు నమస్తే కూడా పెట్టాడు. నేను తెచ్చిన సీసా ఇసుకలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక నేను విరుచుకుపడ్డాను. పొయ్యి ముందు కూర్చున్న అత్తను పట్టుకుని, ఏళ్ళ తరబడి అడిగింది ఒక్క పూటలో పాడు చేశావన్నాను. నీ మనవరాలి గొంతు కోశావని కూడా అన్నాను. అనరాని మాటే. అత్త ఎదురు అరవలేదు. నా గొడవేమిటో ఆమెకు నిజంగా అర్థం కాలేదు.

"వచ్చినోళ్ళకు బురద పోస్తమా ఏంది?" అంది. "తాగనీకిచ్చేది వేరే పిల్లా, సూసేది వేరే. ఆళ్ళకు కండ్లున్నయి గదా. వాగు ఎర్రగ లేదా? మళ్ళు ఎర్రగ లేవా? పొల్లగాండ్ల బట్టలు సూడు, గోడలు సూడు. ఇంత పెద్ద సదువు సదివినోళ్ళు ఇదంత సూడకుండ గంపల నీళ్ళే సూస్తరా? నువ్వు ఊకె గాబర పడతవు."

 ఆమె చెప్పినదాంట్లో తప్పెక్కడుందో ఇప్పటికీ చూపించలేను. మనిషి ఇంటికి వస్తే మంచి నీళ్ళిస్తాం, వచ్చినవాడు మన కష్టం కళ్ళతో చూసిపోతాడు. ఆమె ఎరిగిన లోకంలో అలాగే జరుగుతుంది. ఇదివరకు ఊరి పెద్దలు తగువు తీర్చడానికి వచ్చినా అలాగే జరిగేది. కడుపు నిండా తిని, పొలం గట్లన్నీ తిరిగి చూసి, అప్పుడు మాట చెప్పేవారు. సీసాలో పట్టిందే నిజం, సీసా బయట ఉన్నది లేనట్టే అనే పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారు గనక!

ఫలితం వచ్చేదాకా నేను కూడా అత్త మాట పట్టుకునే వేలాడాను. వాళ్ళకు కళ్ళున్నాయి కదా, చూసే ఉంటారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పంచాయతీ ఇంటి అరుగు మీద సభ జరిగింది. సచివ్ పరీక్ష కాగితం హిందీలో చదివాడు. చివరి ముక్క నేను మార్చి చెప్పాలి. నేను అతని చేతిలో కాగితాన్నే చూస్తున్నాను. "ఏమన్నరే? జెప్పు" అని వెనక నుంచి పొడిచారు.

"మన నీళ్ళు తాగటానికి మంచియేనంట" అన్నాను.

ముసలావిడ ఒకామె బోసి నోటితో నవ్వింది. "మరి అనరా? మేం తోడితిమి గదా!" అంది గర్వంగా. ఇద్దరు ముగ్గురు ఆమెతో పాటు నవ్వారు. నవ్వుతూనే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకు కనిపించింది. పైపు గురించి ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని లేకుండానే అందరికీ అర్థమైంది.

మా అత్త లేచి నిలబడింది. సభలో ఆమె ఎప్పుడూ మాట్లాడదు. సచివ్ దగ్గరికి పోయి దోర్లీలో, "ఆళ్ళు వాగు సూడలేదా?" అని అడిగింది. చూశారన్నాడు. "మళ్ళు సూడలేదా?" అది వాళ్ళ పని కాదన్నాడు. "అట్లయితే ఇంకోపాలి రమ్మను. ఈసారి తోడం. మేం రోజు తాగేదే సూపిస్తం. మొన్నటిది మా తప్పు, సార్లకు జెప్పు, నేనే జేసిననని జెప్పు." సచివ్ మా ఊరివాడే. అతనికీ ఇంట్లో పిల్లలున్నారు, అదే చెలమ. తల వంచుకుని, పైవాళ్ళను ఇదివరకే అడిగానన్నాడు. ఏమన్నారంటే చెప్పడానికి తటపటాయించాడు. "ఒకసారి మంచివని తేలాక మళ్ళీ పిలిస్తే, పైపు కోసం ఊరివాళ్ళు కావాలని మన్ను కలిపి పెడతారని అంటున్నారు" అన్నాడు చివరికి, ఊరి మాటలో చెప్పలేక హిందీలో.

అది కూడా నేనే మార్చి చెప్పాల్సి వచ్చింది. అత్తకు హిందీ రాకపోవడం మంచిదే అనుకున్నాను ఒక్క క్షణం, కానీ ఆమె నన్ను వదలలేదు. చెప్పాను. నీళ్ళలో మన్ను కలపడమా! మా అత్త చెలమ పక్కన చెప్పులు వేసుకుని నడవదు. ముంచే ముందు చేతులు కడుక్కుంటుంది. ఆమె అరుగు మీద అలాగే కూర్చుండిపోయింది. సభ అయిపోయి అందరూ వెళ్ళాక కూడా లేవలేదు. చెయ్యి పట్టుకుని లేపుకుని తీసుకొచ్చాను. దారిలో నా భుజం మీద ఆమె బరువంతా పడింది. ఆ రోజు నాకు ఆమె మీద కోపం పూర్తిగా పోయింది. కోపం పోయాక ఇంకేం మిగిలిందీ అంటే ఏమీ లేదు, భయం తప్ప.

తర్వాత ఒక రోజు ఆడవాళ్ళమంతా ఖాళీ బిందెలు పట్టుకుని కంచె దగ్గరికి పోయాం. ఆలోచన మా అత్తదే. గేటు దగ్గర కాపలా ఉన్న మనిషి పక్క ఊరివాడు, మాలో ఒకామెకు అన్న వరస కూడా. "ఒక్కొక్క బిందె పట్టుకుని పోతం అన్నా, పసిపిల్లల కోసమే" అని అడిగింది ఆమె. "పాస్ లేకుండ తలుపు తీస్తే నా నౌకరీ పోతది చెల్లె," అన్నాడు అతను. లోపల ఎక్కడో పైపులోంచి మొక్కల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. బిందెలు ఎండకు కాలిపోయేదాకా నిలబడ్డాం. అతను మా వైపు వీపు తిప్పుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. నాకు వచ్చిన మూడు నాలుగు భాషల్లోనూ తిట్లు వచ్చు, కానీ ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఖాళీ బిందెలతోనే కిందికి దిగాం.

మా ఆయన అడవంతా తిరిగి చిల్లగింజలు ఏరుకొచ్చాడు. పాపకు విడిగా చిన్న కుండ పెట్టాను. గింజ అరగదీసి, తేర్చి, కాచి, వడకట్టి ఇచ్చాను. గింజలున్నన్నాళ్ళూ దానికి నొప్పి రాలేదు. నేను మళ్ళీ ఆశ పెంచుకున్నాను. కానీ ఆ చెట్లు ఎక్కువగా ఉండే వాలు కూడా ఇప్పుడు కంచె లోపలే ఉంది. మా ఆయన ఖాళీ సంచితో రావడం మొదలుపెట్టాడు. గింజలు అయిపోయాయి, నొప్పి వచ్చింది. ఈసారి పాప మోకాళ్ళు ముడుచుకుని నా ముఖంలోకి చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక నొప్పి రాదని నేను చెప్పిన మాట దానికి గుర్తుంది కాబోలు.

అప్పుడు తెగించాను. నీళ్ళు మార్చలేను, బిడ్డనే మా అమ్మ దగ్గరికి మారుస్తానని. మా అత్తతో చెప్పాను. ఆమె పాప బట్టలు తనే మడతపెట్టింది. "ఉంచుకోమను మీ అమ్మను," అంది. "ఈడికి పంపొద్దను. పండక్కి గూడ పంపొద్దను."  ఈ ఇంట్లో ఆమెకు ఆ మనవరాలు ఒక్కతే. నేను గట్టిగా ఏడ్చాను. మా ఆయన బయట కూర్చుని పార కర్రను చెక్కుతూనే ఉన్నాడు, చెక్కడానికి అక్కడ ఏమీ లేకపోయినా.

ఉసూర్ దగ్గర మా అమ్మ ఇంటి ముందు బోరింగు ఉంది. నేను చిన్నప్పుడు వేలాడి ఆడుకున్నదే. మేం దిగిన వెంటనే పాప పోయి దాన్ని రెండు చేతులా కొట్టి, దోసిలి పట్టి తాగింది. "అమ్మా, తియ్యగున్నయే!" అని కేక పెట్టింది. ఊళ్ళోకి వచ్చిన దగ్గర్నుంచి నొప్పి మాట ఎత్తలేదు. నేను అక్కడ నాలుగు రోజులుండి అంగన్‌వాడీ పనికని బయల్దేరాను. పోకుండా ఎలా? అక్కడ అత్త ఉంది, మా ఆయన ఉన్నాడు, కోతకొచ్చిన వరి ఉంది. నా ఖిచిడీ కోసం కూర్చునే పిల్లలున్నారు. వాళ్ళందరినీ పంపడానికి వాళ్ళకు ఉసూర్‌లో అమ్మమ్మలు లేరు.

బస్సు దాకా పాప నా కొంగు పట్టుకుని వచ్చింది. ఏడుస్తుందేమోనని దాని ముఖం చూడకుండా తల దువ్వుతున్నాను. అది ఏదో ఆలోచిస్తోంది.

"ఆడ నీళ్ళు మంచిగ లేవనే గదా, నన్ను ఈడ ఇడిసిపెడుతున్నవు?" అంది.

"అవును బిడ్డా."

"మరి నువ్వేం తాగుతవే అమ్మా?"

కలెక్టరాఫీసులో మాట్లాడాను, గ్రామసభలో మాట్లాడాను, డాక్టరుతో, సార్లతో, గేటు ముందు మాట్లాడాను. దీనికి మాత్రం నా దగ్గర ఏ భాషలోనూ మాట లేదు. కండక్టరు తొందర పెడుతుంటే బస్సెక్కేశాను. కిటికీలోంచి చూస్తే అది చెయ్యి ఊపకుండా అలాగే నిలబడి ఉంది, జవాబు కోసం.

దారికని మా అమ్మ బోరింగు దగ్గర నింపి ఇచ్చిన సీసా సగం దారిలోనే అయిపోయింది. ఇల్లు చేరేసరికి గొంతు ఎండిపోయింది. అత్త పొయ్యి దగ్గర నుంచి నావైపు చూస్తోంది. నేను బిందె మూత తీసి, ఆ నీళ్ళే ముంచుకుని తాగాను.